లేసర్ కిరణం నుండి టమాట మడి వరకు: రైతుల అభిప్రాయ వ్యాప్తికి అరేఖీయ భౌతికశాస్త్ర వివరణ

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో బైరెడ్డిపల్లె ఒకటి. పలమనేరు, కుప్పం ప్రాంతాల నడుమ, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ మండలంలో వర్షాధారంగా వేరుశనగ, రాగి, బోరుబావుల కింద టమాట, మల్బరీ సాగవుతాయి. టమాట రైతుకు పలమనేరు, పుంగనూరు, మదనపల్లె మార్కెట్లతో పాటు కోలారు కూడా అందుబాటులోనే ఉంది. ఇటువంటి మండలాల్లో పనిచేసే విస్తరణ సిబ్బందికి రెండు అనుభవాలు సుపరిచితం. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి సిఫారసు చేసిన ఉపయోగకరమైన పద్ధతి నలుగురైదుగురు రైతుల వద్దనే ఆగిపోతుంది. ‘టమాటకు ధర పలుకుతోంది’ అన్న మాట మాత్రం ఎవరూ ప్రచారం చేయకుండానే వారం తిరిగేసరికి ఊళ్లన్నీ చుట్టివస్తుంది. మొదటిదాన్ని రైతుల అనాసక్తిగా, రెండవదాన్ని రైతుల అత్యాశగా వ్యాఖ్యానించడం పరిపాటి. ఈ రెండింటి వెనుకనున్న యంత్రాంగం ఒక్కటేనని అరేఖీయ గతిశాస్త్రం, సాంఖ్యక భౌతికశాస్త్రం సూచిస్తున్నాయి.

ఆ యంత్రాంగం అత్యంత స్పష్టంగా కనిపించేది లేసర్‌లో. ఉత్తేజిత స్థితిలో ఉన్న పరమాణువు రెండు విధాలుగా కాంతిని వెలువరించగలదు. తనంతట తాను వెలువరిస్తే అది స్వచ్ఛంద ఉద్గారం. దారిన పోయే మరొక ఫోటాన్ ప్రేరేపించగా అదే దిశలో, అదే దశలో వెలువరిస్తే ఉత్తేజిత ఉద్గారం. ఈ రెండవ ప్రక్రియను ఐన్‌స్టీన్ 1917లోనే వివరించినప్పటికీ, థియోడర్ మైమన్ తొలి లేసర్‌ను వెలిగించింది 1960లో. రూబీ కడ్డీకి అందించే శక్తిని క్రమంగా పెంచుతూ పోతే చాలాసేపటి వరకు అది మామూలు దీపం వలెనే ప్రవర్తిస్తుంది. పరమాణువులు ఎవరికి వారే, పొంతన లేకుండా కాంతిని వెలువరిస్తుంటాయి. శక్తి ఒక నిర్దిష్ట అవధిని దాటగానే పరమాణువులన్నీ ఒకే తాళానికి అడుగు వేసినట్లు సంబద్ధ కాంతి పుట్టుకొస్తుంది. అవధికి కొద్దిగా దిగువన, కొద్దిగా ఎగువన అందించే శక్తిలో తేడా స్వల్పమే. ఫలితంలో తేడా మాత్రం దీపానికీ లేసర్‌కూ ఉన్నంత.

జర్మనీలోని స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయంలో హెర్మన్ హాకెన్ బృందం 1960వ దశకంలో ఈ మార్పుకు గణిత సిద్ధాంతాన్ని రూపొందించింది. ఆ కృషిలో పాలుపంచుకున్న వోల్ఫ్‌గాంగ్ వైడ్లిష్ 1971లో అదే తరహా సమీకరణాలను సమాజంలోని అభిప్రాయాల చీలికకు వర్తింపజేస్తూ ఒక పత్రం ప్రచురించాడు. లేసర్ నుండి ప్రజాభిప్రాయానికి వంతెన ఆ విధంగా ఒకే ఆచార్యుని చేతిలో రూపుదిద్దుకుంది.

అవధి ఎక్కడుంటుంది?

లేసర్ సమీకరణాన్ని మాటల్లో చెప్పాలంటే ఇంతే: ఫోటాన్ల సంఖ్యలో మార్పు, ఉత్తేజిత ఉద్గారం వల్ల చేరేవాటికీ దర్పణాల గుండా జారిపోయేవాటికీ మధ్య భేదానికి సమానం. చేరేవి అప్పటికే ఉన్న ఫోటాన్ల సంఖ్యపైనా, ఇంకా మిగిలిన ఉత్తేజిత పరమాణువుల సంఖ్యపైనా ఆధారపడతాయి. ఈ లెక్క చివరకు జనాభా పెరుగుదలకు వెర్హుల్స్ట్ 1838లో ప్రతిపాదించిన సమీకరణ రూపానికే వస్తుంది. ఫోటాన్ స్థానంలో కొత్త పద్ధతిని అవలంబించిన రైతును, ఉత్తేజిత పరమాణువు స్థానంలో ఆసక్తి ఉండి ఇంకా మొదలుపెట్టని రైతును, దర్పణం గుండా నష్టం స్థానంలో పద్ధతిని మానివేసే రైతును ఉంచితే విస్తరణ శాస్త్రానికి అదే సమీకరణం దక్కుతుంది.

ఊహాత్మకంగా ఒక ఊరిని తీసుకుందాం. ఒక పద్ధతిని పాటిస్తున్న ప్రతి 10 మందిలో పంటకాలానికి 2 మంది మానివేస్తున్నారు. ఆ పదిమందిని చూచి కొత్తగా ఒకరు మొదలుపెడుతున్నారు. పది పంటకాలాల తరువాత 10 మందికి గాను ముగ్గురో నలుగురో మిగులుతారు. చూచి మొదలుపెట్టేవారు ఒకరికి బదులు ముగ్గురైతే, అదే కాలంలో 10 మంది సుమారు 26 మంది అవుతారు. మొదటి ఊరిలో పద్ధతి అవధికి దిగువన, రెండవ ఊరిలో ఎగువన ఉన్నది.

రాయితీ పథకం ఈ చిత్రాన్ని మరుగుపరచగలదు. మొదటి ఊరిలోనే రాయితీ కారణంగా పంటకాలానికి మరో 5 మంది చేరుతున్నారనుకుంటే, సంఖ్య క్రమంగా 50కి చేరి అక్కడ స్థిరపడుతుంది. నివేదికలో అది విజయమే. రాయితీ ఆగిన తరువాత మాత్రం ఏడు పంటకాలాలు తిరిగేలోగా ఆ సంఖ్య సగానికి పడిపోతుంది. దీపానికి విద్యుత్తు ఉన్నంతసేపే వెలుగు. కనుక ఎందరు రైతులు అవలంబించారన్న లెక్కకంటే, వారిలో ఎందరు రాయితీ లేకుండా పొరుగువారిని చూచి మొదలుపెట్టారు, ఎందరు మానివేశారు అన్న రెండు సంఖ్యలే ఎక్కువ సమాచారాన్ని ఇస్తాయి. మానివేసినవారి లెక్క తీసే సర్వేలు అరుదు కావడం ఈ రంగంలో ఒక పెద్ద లోపం.

సరాసరులు కూడా మోసగిస్తాయి. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1978లో ఇచ్చిన ఉదాహరణను వ్యవసాయానికి అన్వయించి చూడవచ్చు. వందమంది రైతుల ఊరిలో ఒకరు ఎవరినీ చూడకుండానే సాహసిస్తారు. రెండవవారు ఒకరిని చూస్తే చాలు మొదలుపెడతారు. మూడవవారు ఇద్దరిని చూస్తే, నాల్గవవారు ముగ్గురిని చూస్తే మొదలుపెడతారు. ఈ వరుసలో ఊరంతా ఒకరి వెంట ఒకరు కదులుతుంది. ఇప్పుడు ఆ రెండవ రైతు మరికాస్త జాగరూకుడై, ఇద్దరిని చూస్తే తప్ప కదలనన్నాడనుకుందాం. గొలుసు అక్కడే తెగిపోతుంది. మొదటి సాహసి ఒంటరిగా మిగులుతాడు. రెండు ఊళ్ల సరాసరి మనస్తత్వంలో తేడా ఇంచుమించు శూన్యం. ప్రశ్నావళితో కొలిచే ‘నూతనత్వ స్వీకరణ సూచిక’ ఆ తేడాను పట్టుకోలేదు.

పాత స్థితి పట్టు

రాయలసీమ వేరుశనగ చరిత్ర మరొక అరేఖీయ లక్షణానికి నిదర్శనం. తిండివనంలో రూపొంది 1940లో విడుదలైన టి.ఎం.వి-2 రకం, దానికంటె మేలైన రకాలెన్నో వచ్చిన తరువాత కూడా అరవై ఏళ్లకు పైగా రైతుల పొలాల్లో కొనసాగింది. వేరుశనగలో ఎకరాకు కావలసిన విత్తనం బరువు ఎక్కువ, ఒక కాయ నుండి తిరిగి లభించే విత్తనాల సంఖ్య తక్కువ. కనుక కొత్త రకం విత్తనం నెమ్మదిగానే పెరుగుతుంది. పొరుగు రైతు దగ్గర దొరికే విత్తనం, వ్యాపారికి అలవాటైన కాయ, మిల్లుకు అలవాటైన గింజ అన్నీ పాత రకానివే అయినప్పుడు, ఒక్క రైతు మారడం వల్ల అతనికి లాభం కంటె ఇబ్బందే ఎక్కువ. భౌతికశాస్త్రంలో దీనిని శైథిల్యం అంటారు: అయస్కాంతాన్ని వ్యతిరేక దిశకు తిప్పాలంటే క్షేత్రాన్ని సున్నాకు తెస్తే చాలదు, ఎదురు దిశలో గణనీయంగా పెంచాలి. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన కదిరి-6 తదనంతరం విస్తృతంగా వ్యాపించడంలో రకం గుణాలతో పాటు పెద్దయెత్తున జరిగిన విత్తన సరఫరా పాత్రను కూడా ఈ దృష్టితో చూడవలసి ఉంటుంది.

శైథిల్యమున్న చోట ప్రదర్శన క్షేత్రాలను ఎలా అమర్చాలన్నది కీలకమవుతుంది. అతిశీతలమైన ద్రవంలో బీజ స్ఫటికం కొంత పరిమాణాన్ని మించితేనే పెరుగుతుంది, లేకుంటే కరిగిపోతుంది. 40 ప్రదర్శనలను 40 ఊళ్లకు ఒక్కొక్కటిగా పంచితే ప్రతి ప్రదర్శన రైతూ పాత పద్ధతి మధ్య ఒంటరే. అవే 40ని నాలుగు ఊళ్లలో పదేసి చొప్పున ఉంచితే ఒక్కొక్క రైతుకు నలుగురైదుగురు సాక్షులు దొరుకుతారు. డేమన్ సెంటోలా 2010లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక ఆరోగ్య సంబంధమైన అలవాటు ఇరుగుపొరుగు అల్లిక గట్టిగా ఉన్న సమూహాల్లో సుమారు 54 శాతం మందికి చేరగా, సంబంధాలు చెల్లాచెదురుగా ఉన్న సమూహాల్లో 38 శాతం మందికే చేరింది. అయితే కేవలం సమాచారమే చాలిన సందర్భంలో, ఉదాహరణకు వాన రాకను గురించిన సూచనకు, చెల్లాచెదురు పంపిణీయే మేలు. పెట్టుబడి, నష్టభయం ఉన్న పద్ధతులకే గుంపు అమరిక అవసరం.

రైతులు ఎవరి మాట వింటారన్నది ఇంకొక విషయం. ఫ్రాన్సులో గియోమ్ దఫుఆన్, భౌతికశాస్త్రవేత్త జెరార్ వైస్‌బుక్ తదితరులు 2000లో ప్రచురించిన నమూనాకు నేపథ్యం వ్యవసాయమే. ఐరోపా సమాఖ్య పర్యావరణ పథకాలను రైతులు ఎలా స్వీకరిస్తారన్న అధ్యయనంతో అది ముడిపడి ఉన్నది. ఇందులో ప్రతివారి అభిప్రాయాన్నీ 0 నుండి 1 వరకు ఒక సంఖ్యగా తీసుకుంటారు. ఇద్దరి అభిప్రాయాల మధ్య దూరం ఒక పరిమితిలోపు ఉంటేనే వారు ఒకరినొకరు విని, కొంత దగ్గరవుతారు. పరిమితి 0.5 అయితే అందరూ ఒకే అభిప్రాయానికి వస్తారు, 0.2 అయితే రెండు వర్గాలుగా చీలి, ఆపై ఒకరి మాట మరొకరు వినరు. రసాయన మందు పూర్తిగా మానమని చెప్పే సలహా, వారానికొకసారి పిచికారీ చేసే టమాట రైతు చెవికి ఎక్కకపోవడం ఈ నమూనా ప్రకారం సహజమే. పురుగు ఉధృతి చూచి పిచికారీ చేయమన్న మధ్యస్థ సలహాకు అక్కడ ప్రవేశం దొరుకుతుంది.

అందరూ ఒకే తాళంలో పడితే

ఇంతవరకు వ్యాప్తి మంచిదన్న భావనతోనే వివరణ సాగింది. టమాట ఆ భావనను తలకిందులు చేస్తుంది. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్టులో మేలురకం టమాట ధర కిలో రూ. 200 సమీపానికి చేరింది. సెప్టెంబరు నాటికి పది రూపాయల ప్రాంతానికి దిగజారింది. వేడి, వర్షాలు, తెగుళ్లు, ఇతర రాష్ట్రాల దిగుబడి ఇందులో పాలుపంచుకున్నమాట నిజమే. వాటితో పాటు కాలవిలంబం కూడా ఉన్నది. నారు పెరగడానికి 25–30 రోజులు, నాటిన తరువాత తొలి కోతకు 60–70 రోజులు పడతాయి. నేటి ధరను చూచి తీసుకున్న నిర్ణయం మార్కెట్టుకు చేరేది మూడు నెలల తరువాత. ప్రతి రైతూ తన ధరనే కాక పొరుగువాని మడిని కూడా చూచి నిర్ణయించుకుంటే విస్తీర్ణం ఒక్కుమ్మడిగా పెరిగి, ఒక్కుమ్మడిగా తగ్గుతుంది. ఇటువంటి ఊగిసలాటను మొర్డికై ఎజికియెల్ 1938లో సాలెగూడు సిద్ధాంతంగా వివరించాడు.

రూబీ లేసర్ కూడా స్థిరంగా వెలగదు. క్రమం లేని మెరుపులుగా వెలుగుతుంది. ఉత్తేజిత స్థితి సుమారు 3 మిల్లీసెకన్లు నిలవగా, కుహరంలో ఫోటాన్ నిలిచే కాలం అందులో అతి స్వల్ప భాగం. నెమ్మదిగా నిండే నిల్వ, వేగంగా దాన్ని ఖాళీచేసే గుంపు ఒకచోట ఉన్నప్పుడు మెరుపు, చీకటి తప్పవు. బైరెడ్డిపల్లె రైతుకు ఆ చీకటి అంటే కోతకూలి కూడా గిట్టక చెట్టు మీదనే వదిలేసిన కాయలు.

కనుక ఒకే ఊరిలో, ఒకే పంటలో విస్తరణ శాస్త్రవేత్తకు పరస్పర విరుద్ధమైన రెండు లక్ష్యాలు ఉంటాయి. 2014లో దేశంలో కనిపించిన టూటా పురుగుకు లింగాకర్షక బుట్టలు ఒక్క మడిలో పెడితే ప్రయోజనం పరిమితం, పక్క మడి నుండి తల్లి పురుగులు వస్తూనే ఉంటాయి. అక్కడ రైతులందరూ ఒకేసారి కదలాలి. నాట్ల తేదీ విషయంలో మాత్రం వారు ఒకేసారి కదలకూడదు. ఊరికి పది బుట్టల ప్రదర్శనలు గుంపుగా పెట్టే కార్యక్రమమే, నాట్లను వారాల వారీగా విడదీసే సలహాను కూడా వెంట తీసుకుపోవచ్చు.

నాట్ల విస్తీర్ణాన్ని ముందే పసిగట్టడం అసాధ్యం కాదు. షేడ్‌నెట్ నర్సరీల్లో నారుకు వచ్చే ముందస్తు ఆర్డర్లు, ఈ-పంట నమోదు వివరాలు కలిపి చూస్తే మార్కెట్టుకు రాబోయే సరుకు పోకడ వారాల ముందే అంచనాకు అందుతుంది. అయితే ‘ఈసారి నాట్లు ఎక్కువ’ అన్న ఒకే హెచ్చరికను ఒకే రోజు అన్ని మండలాలకూ పంపితే అందరూ ఒకేసారి వెనక్కి తగ్గుతారు. తరువాతి కొరతకు అదే విత్తనమవుతుంది. హెచ్చరిక కూడా పొరుగువాని మాట వంటిదే కనుక, దానిని ఏ మండలానికి, ఏ వారంలో, ఎంతమందికి చేర్చాలన్నది విడిగా పరిశోధించవలసిన అంశం.