మాట దాగుతుంది, ట్యాంకు దాగదు

అపోహ: రేడియో సందేశాన్ని సంకేతభాషలోకి మారిస్తే శత్రువుకు ఏమీ తెలియదు.

వాస్తవం: తెలియనిది మాట ఒక్కటే. తరంగం ఏ దిక్కు నుంచి వచ్చిందో పట్టడానికి దాని అర్థంతో పనిలేదు. రెండు మూడు చోట్ల రిసీవర్లు పెట్టి దిక్కు గీతలు గీస్తే, అవి కలిసిన చోటే సందేశం పంపిన బండి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఎనిగ్మా సంకేత యంత్రం చాటున మాట్లాడుకున్నా, మిత్రరాజ్యాల ఓడల మీది ‘హఫ్ డఫ్’ పరికరాలు ఒక్క అక్షరం చదవకుండానే వాటి దిక్కు చెప్పేసేవి. 2020లో అమెరికన్ కర్నల్ స్కాట్ వుడ్‌వర్డ్, శిక్షణలో ఉన్న ఒక బెటాలియన్ రేడియో జాడ తెర మీద ఎలా కనిపిస్తుందో ట్విటర్‌లో పెట్టారు. సైన్యాధికారులకు అది పెద్ద చురకే!

అపోహ: సైనికులు మైకు నొక్కకపోతే చాలు.

వాస్తవం: అది పాత రేడియోల నాటి మాట. ‘బ్లూ ఫోర్స్ ట్రాకర్’ లాంటి వ్యవస్థ ఉన్న వాహనం, లోపల అందరూ నోరు కట్టుకున్నా, తానెక్కడుందో తనంతట తానే పంపుతూ ఉంటుంది. నెట్‌వర్క్ నిలవాలంటే యంత్రాలు ఒకదాన్నొకటి పలకరించుకోక తప్పదు మరి. నా దృష్టిలో అసలు పొదుపు చేయాల్సింది ఇక్కడే. పలకరింపుల మధ్య ఎడం పెంచాలి. సమాచారాన్ని పోగుచేసి ఒక్క విడతలో పంపాలి. కొన్ని బండ్లను వినడానికే పరిమితం చేయాలి. కమాండ్ పోస్టు యాంటెన్నాను కేబుల్ వేసి దూరంగా నిలబెట్టాలి. అప్పుడు శత్రువు గుండు యాంటెన్నా మీద పడినా పోస్టు మిగులుతుంది.

అపోహ: పవర్ సగానికి తగ్గిస్తే, దొరికిపోయే దూరమూ సగమవుతుంది.

వాస్తవం: అడ్డులేని చోట దూరం సగం కావాలంటే పవర్‌ను నాలుగో వంతుకు దించాలి. సగానికే దించితే దూరం తగ్గేది 30 శాతం లోపే. దానికన్నా బండిని గుట్ట చాటున ఆపడం, తరంగాన్ని ఒకే దిక్కుకు పంపే యాంటెన్నా వాడడం మేలు. దగ్గరి బండ్ల మధ్య మాటలకు 60 గిగాహెర్ట్జ్ తరంగాలు పనికొస్తాయి. గాలిలోని ఆక్సిజనే వాటిని దూరం పోనీయకుండా మింగేస్తుంది.

అపోహ: ఫ్రీక్వెన్సీ మారుస్తూ గెంతే రేడియో ఎవరికీ చిక్కదు.

వాస్తవం: అమెరికన్ ‘సింక్‌గార్స్’ రేడియో సెకనుకు వంద సార్లకు పైగా గెంతుతుంది. శత్రువు కావాలని రేడియోకు అడ్డుపడే జామింగ్‌ను తట్టుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఫ్రీక్వెన్సీ పట్టీ మొత్తాన్నీ ఒకేసారి చూసే రిసీవర్‌కు మాత్రం ఆ గెంతులూ కనిపిస్తాయి.

అపోహ: అన్నిటికన్నా భద్రం పూర్తి మౌనమే.

వాస్తవం: ఉన్నట్టుండి సద్దుమణిగితే అదీ అనుమానమే. 1941లో పెర్ల్ హార్బర్ మీదికి వెళ్లిన జపాన్ విమానవాహక నౌకలు మౌనం పాటిస్తుంటే, ఆ అనుమానం రాకూడదని స్వదేశంలో ఉన్నవాళ్లు వాటి పేరిట బూటకపు సందేశాలు పంపుతూనే ఉన్నారు.