కంచె పక్కన తంగేడు

కొంతకాలం క్రితం ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తుండగా 'టానర్స్ కాసియా' అనే మొక్క పేరు ఎదురైంది. నిఘంటువు తెరిచాను. "వృక్షవిశేషము" అన్న ఒక్క మాటతో అది చేతులు దులుపుకున్నది. నేనూ "ఒక జాతి పొద" అని రాసి ముందుకు సాగాను. ఆ రాతప్రతి చదివిన మా అమ్మ, "ఏ పొదరా అది?" అని అడిగింది. పసుపుపచ్చని పూలనీ, బెరడుతో తోళ్లు పదును చేస్తారనీ వ్యాసంలో ఉన్న వర్ణన వినిపించాను. ఆమె నవ్వింది. "తంగేడు కదరా! మన ఊరి బాటకు రెండు ప్రక్కలా ఉన్నది అదేగా!"

నాకు సిగ్గు వేసింది. ఆంగ్ల సాహిత్యం చదువుకున్నవాణ్ణి. ఏనాడూ కంటితో చూడని డాఫొడిల్ పువ్వును గురించి పరీక్షలో నాలుగు పుటలు రాశాను. రోజూ బడికి వెళ్లే దారిలో పూసిన పువ్వును మాత్రం పోల్చుకోలేకపోయాను. అమ్మకు తెలిసిన మొక్కల పేర్లు ఆమెతోనే ఆగిపోతాయేమోనన్న భయం ఆనాడు కలిగింది. ఆ భయమే, నలభై దాటిన నా చేత తొలిసారి కుంచె పట్టించింది.

సామర్లకోట చిత్రకారులు

మొక్కను బొమ్మగా గీసి తెలుసుకోవడం మన గడ్డకు కొత్త కాదు. 18వ శతాబ్దం చివరి దశకాలలో సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బరో అనే వైద్యుడు భారతీయ చిత్రకారుల చేత ఈ తీరపు మొక్కలను చిత్రింపజేశాడు. వాటిలో 300 చిత్రాలతో 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' అనే గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. మన మోదుగ అందులో ఉన్నది. మొక్కల తెలుగు పేర్లను కూడా ఆయన నమోదు చేశాడు. బొమ్మలు గీసిన చేతుల పేర్లు మాత్రం మనకు దాదాపుగా దక్కలేదు.

ఆ చిత్రకారులు వాడినవి నీటిరంగులు. వాటికి ఎంతో నేర్పు కావాలి. కొత్తగా మొదలుపెట్టేవారికి 20వ శతాబ్దం మధ్యలో వచ్చిన అక్రిలిక్ రంగులు మరింత అనుకూలం. తడిగా ఉన్నంతసేపు ఇవి నీటిలో కలుస్తాయి. ఆరిన తరువాత నీటికి కరగవు. కనుక ఒక ఆకు చెడితే, ఆరనిచ్చి దాని మీదనే మరొక ఆకు వేయవచ్చు. తప్పును ఇంతగా మన్నించే రంగు మరొకటి లేదేమో!

ముందు కన్ను, తరువాత కుంచె

తెలుపు, పసుపు, ఎరుపు, నీలం, ఇటుక వన్నె గోధుమ — ఈ అయిదు గొట్టాలు చాలు. ఒక సన్న కుంచె, ఒక బల్లపరుపు కుంచె, దళసరి కాగితం, పాత పింగాణీ పళ్లెం సమకూర్చుకోండి. మన ఎండలకు రంగు నిమిషాలలో గట్టిపడుతుంది. పళ్లెంలో తడిగుడ్డ పరిచి, దానిపై బటర్ పేపర్ వేసి, ఆ కాగితం మీద రంగు కలుపుకుంటే చాలాసేపు మెత్తగా ఉంటుంది. కుంచెను మాత్రం ఆరనివ్వకండి. ఆరిందా, అది ఇక పుల్లతో సమానం.

రంగు ముట్టకముందు ఒక పావుగంట కొమ్మను కేవలం చూడండి. తంగేడు ఈనెకు ఇరువైపులా చిన్న ఆకులు జతలు జతలుగా ఉంటాయి. ఈనె మొదట చెవుల వంటి రెండు చిన్న రేకులు కనిపిస్తాయి. శాస్త్రీయ నామంలోని 'ఆరిక్యులేటా' అన్న మాటకు మూలం ఈ చెవులే. పువ్వుకు రెక్కలు అయిదు. అంచులు ముడతలు పడి ఉంటాయి. లోపలి కేసరాలన్నీ ఒకే పొడవున ఉండవు. ఇవన్నీ పెన్సిలుతో తేలికగా గీసుకోండి.

ఆకుపచ్చను గొట్టం నుంచి నేరుగా వాడవద్దు. పసుపులో నీలం కలిపి, రవంత ఎరుపు చేర్చండి. మెట్టనేల మొక్కకు ఉండే ఆ మందమైన పచ్చదనం వస్తుంది. పసుపు రంగు పలుచనిది. ముదురు ఆకు మీద నేరుగా వేస్తే మురికిగా తేలుతుంది. అందుచేత పువ్వు ఉండవలసిన చోట ముందు తెలుపు వేసి, ఆరిన తరువాత పసుపు పూయండి. నీడ కోసం నలుపు కలిపితే పసుపు పచ్చబడిపోతుంది. ఇటుక వన్నె గోధుమ రవంత చాలు. ఆరినప్పుడు రంగు కొద్దిగా ముదురుతుంది గనుక ఒక వన్నె లేతగానే కలుపుకోండి. నీరు మరీ ఎక్కువైతే రంగు కాగితాన్ని గట్టిగా పట్టుకోదు.

నా మొదటి బొమ్మ అందంగా రాలేదు. అమ్మ దానిని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. "ఆకు కాస్త లావైంది. అయినా తంగేడే," అన్నది. తరువాత తనంతట తానే, "రేపు ఉత్తరేణి తెస్తాను, గియ్యి," అన్నది.

ఇప్పుడు మా ఇంట ఒక బొమ్మల పుస్తకం తయారవుతున్నది. ప్రతి బొమ్మ కింద అమ్మ చెప్పిన పేరు ఉంటుంది. తంగేడు బొమ్మ ఆరిన సాయంత్రమే ఆ పాత రాతప్రతి తీసి, "ఒక జాతి పొద" అన్న మాటలు కొట్టివేసి, "తంగేడు" అని రాశాను.