విసుగు ఎక్కడ మొదలవుతుంది? వీడియో గేమ్‌లలో పోరాటం, కథనం

వీడియో గేమ్‌లో ఒకే శత్రువు చేతిలో పదేపదే ఓడినవారు పట్టుదలతో మళ్లీ ఆటకు కూర్చుంటారు. వారే, వరుసగా గెలుపులు దక్కుతున్న మరో ఆటను అరగంటకే పక్కన పెట్టేస్తారు. ఓటమి కష్టం, గెలుపు సుఖం అనే మామూలు లెక్కకు ఇది అందదు. జరగబోయేదాన్ని ఊహించడం, ఊహ తప్పితే సరిదిద్దుకోవడం మెదడు నిరంతరం చేసే పని. ఆటలోని పోరాటమైనా కథ అయినా ఆ పనిని సాగనిచ్చినంతసేపే మనల్ని పట్టి ఉంచుతుంది. అది ఆగిన చోట విసుగు మొదలవుతుంది.

ఈ మాటకు నాడీశాస్త్రంలో ఆధారం ఉంది. వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్‌ను విడుదల చేసే కణాలను పరిశీలించారు. కోతికి అనుకోకుండా పండ్లరసం అందినప్పుడు ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక సంకేతం ఇస్తూ పోతే, ఆ స్పందన క్రమంగా రసం నుంచి సంకేతానికి మారింది. ముందే తెలిసిన రసం అందినా వాటిలో కదలిక లేదు. సంకేతం వచ్చాక రసం రాకపోతే, అది రావలసిన క్షణంలోనే వాటి చురుకు తగ్గింది. పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి 1997లో ప్రచురించిన పత్రంలో షుల్ట్జ్ ఈ స్పందన అంచనాకూ వాస్తవానికీ మధ్య ఉన్న తేడాను తెలుపుతుందని వివరించారు. మెదడు నేర్చుకునేది ఆ తేడా నుంచే.

పోరాటం ఇలా నేర్పాలంటే ముందు కాలాన్ని సరిగ్గా కొలవాలి. సెకనుకు 60 ఫ్రేములతో నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది. కంటికి కనిపించినదానికి స్పందించి బటన్ నొక్కడానికి మనిషికి సుమారు పావు సెకను, అంటే 15 ఫ్రేములు పడుతుంది. శత్రువు కదలిక మొదలైన తర్వాత దెబ్బ అంతకంటే ముందే పడితే, దాన్ని చూసి తప్పించుకోవడం దాదాపు అసాధ్యం. అక్కడ నైపుణ్యానికి చోటు లేదు, ఉన్నది అదృష్టమే. జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2011లో విడుదల చేసిన ‘డార్క్ సోల్స్’ కఠినమైన ఆటగా పేరుపొందింది. అయినా అందులో భారీ శత్రువులు దెబ్బకు ముందు ఆయుధం పైకెత్తుతారు, భుజం వెనక్కి లాగుతారు. బౌలర్ మణికట్టును చూసి బంతి ఎటు తిరుగుతుందో బ్యాటర్ పసిగట్టినట్టు, ఆడేవారు ఆ కదలికను చదవడం నేర్చుకుంటారు. చనిపోయినప్పుడు కారణం కూడా తెలుస్తుంది: తప్పించుకోవడానికి తొందరపడి ముందే దొర్లడమో, ఇంకొక్క దెబ్బ కొట్టాలన్న ఆశతో ఒంట్లో శక్తినంతా ఖర్చు చేయడమో. కారణం తెలిసిన ఓటమి మరో ప్రయత్నానికి పిలుస్తుంది.

చేసిన పనికి ఫలితం వెంటనే, స్పష్టంగా తెలియడం కూడా ముఖ్యం. కాప్‌కామ్ సంస్థ 1991లో తెచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’లో దెబ్బ తగలగానే యోధులిద్దరూ కొన్ని ఫ్రేములపాటు నిశ్చలంగా నిలిచిపోతారు. ఆ చిన్న విరామమే తెరమీది బొమ్మకు బరువు తెస్తుంది. దెబ్బ తగిలిందా, ఎక్కడ తగిలింది, తర్వాత ఏం చేయాలి అన్నది అంతలోనే అర్థమవుతుంది.

విసుగు పుట్టించే పోరాటాల్లో ఈ గుణాలు కనబడవు. చాలా ఆటల్లో కష్టం పెంచడమంటే శత్రువు ప్రాణశక్తిని రెండింతలో మూడింతలో చేయడమే. శత్రువు కొత్తగా ఏమీ చేయడు, చావడానికి మాత్రం ఎక్కువసేపు తీసుకుంటాడు. మొదటి నిమిషంలో జవాబు తెలిసిపోయిన ప్రశ్నకే ఆడేవారు పది నిమిషాలు జవాబు చెబుతూ ఉండాలి. 1986 నాటి ‘డ్రాగన్ క్వెస్ట్’, దాని బాటలో వచ్చిన ఆటల్లో మైదానంలో నడుస్తుంటే ఉన్నట్టుండి శత్రువులు ఎదురవుతారు. పాత్ర బలపడిన తర్వాత బలహీనులతో జరిగే ఆ పోరాటాలన్నీ ఒకే బటన్ నొక్కడంతో సమానం. 1994లో జపాన్‌లో వచ్చిన ‘మదర్ 2’ రూపకర్తలు దీనికి చక్కని పరిష్కారం చూపారు. ఆడేవారి బలం శత్రువును బాగా మించితే పోరాటం జరగదు, విజయం వెంటనే దక్కుతుంది. ఫలితం ఖాయమైన పోరాటం పెట్టి ఆడేవారి కాలాన్ని వృథా చేయకూడదని వారు గుర్తించారు.

కథకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. చేతులు చేసే పనీ కథ చెప్పే మాటా వేర్వేరు దారులు పడితే, ఆడేవారి ఊహలకు పని ఉండదు. 2007లో వచ్చిన ‘బయోషాక్’పై మరో ఆటల రూపకర్త క్లింట్ హాకింగ్ అదే ఏడాది చేసిన విమర్శ ఇదే. ఆటలో స్వార్థాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, కథలో మాత్రం మరొకరికి సాయపడక తప్పదు. ఇలాంటి చోట్ల కథ పోరాటాల మధ్య వచ్చే అడ్డంకిగా మిగులుతుంది, దాన్ని దాటవేయడానికి వేలు బటన్ కోసం వెతుకుతుంది.

పోరాటం, కథ రెండూ కలిసిన ఆటల బలం వేరు. ఫుమితో ఉఎదా 2005లో రూపొందించిన ‘షాడో ఆఫ్ ది కొలోసస్’లో చిన్న శత్రువుల గుంపులు లేవు. చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడానికి నాయకుడు 16 మహాకాయాలను చంపాలి. వాటిలో కొన్ని మనం కదిలించేదాకా మన జోలికి రావు. ఒక్కొక్కటీ కూలినప్పుడు వినిపించేది విషాద సంగీతం, నాయకుడి రూపం కూడా అంతకంతకూ వాడిపోతుంది. చేస్తున్నది న్యాయమేనా అనే ప్రశ్న ఎవరూ మాటల్లో అడగరు, గెలుపే అడుగుతుంది. సూపర్‌జెయింట్ గేమ్స్ 2020లో పూర్తిగా విడుదల చేసిన ‘హేడిస్’ ఓటమినే కథగా మలచింది. గ్రీకు పాతాళం నుంచి తప్పించుకోబోయి మరణించిన ప్రతిసారీ నాయకుడు తండ్రి ఇంటికే తిరిగి వస్తాడు. అక్కడివారు అతణ్ణి చంపినదెవరో ప్రస్తావిస్తారు, పాత సంభాషణను కొనసాగిస్తారు. పోరాటంలో ఓడినా కథలో ఒక అడుగు పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అనిశ్చిత ఫలితంతో మెదడును పట్టి ఉంచడం ఒక్కటే లక్ష్యమైతే జూదం కూడా ఆ పని చేస్తుంది. లోపల ఏముందో తెలియని పెట్టెలను డబ్బుకు అమ్మే ఆటలు దీన్నే వాడుకుంటాయి. కొన్ని ఆటల్లోని అలాంటి పెట్టెలు జూద చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాయని బెల్జియం జూద నియంత్రణ సంఘం 2018లో తేల్చింది. పెట్టె ఎన్నిసార్లు తెరిచినా తర్వాతిసారికి పనికొచ్చే పాఠం దొరకదు. మంచి పోరాటంలో అనిశ్చితి మన నేర్పు పెరిగేకొద్దీ తగ్గుతుంది, పెట్టెలో ఎన్నటికీ తగ్గదు.

కనుక ఆటలు తయారుచేసేవారు, ఆ విద్య నేర్చుకుంటున్న యువత ప్రతి ఘట్టానికీ రెండు పరీక్షలు పెట్టుకోవాలి. ఈ పోరాటం ముగిసేసరికి ఆడేవారికి కొత్తగా ఏం తెలుస్తుంది? ఈ సన్నివేశం చూశాక వారు తర్వాత చేసే పనికి అర్థం ఏమైనా మారుతుందా? రెంటికీ జవాబు లేని ఘట్టానికి మెరుగైన బొమ్మలు, పెద్ద శబ్దాలు జోడించి ప్రయోజనం లేదు, దాన్ని తీసేయడమే మేలు. ఆడేవారు ఆటకు ఇచ్చేది తమ జీవితంలోని గంటలను. ఆ గంటల్లో వారి బుద్ధికి పని కల్పించడం తయారీదారుల బాధ్యత.