వార్తల్లో పదం: ఓఈఎం లైసెన్స్

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. అమెరికాలో పాత ల్యాప్‌టాప్ వాడుతున్న ఏ తెలుగు కుటుంబమైనా విండోస్ 11 కొనేముందు ఈ పదం తెలుసుకోవాలి.

కంప్యూటర్ తయారీదారు యంత్రంతో కలిపి ఇచ్చేది ఓఈఎం లైసెన్స్. అది ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది, దాంతోపాటే పోతుంది. విడిగా కొనే రిటైల్ లైసెన్స్‌నైతే పాతదాంట్లోంచి తీసేసి కొత్తదానికి మార్చుకోవచ్చు. అమెరికాలో విండోస్ 11 హోమ్ రకం రిటైల్ ధర 139 డాలర్లు. సంస్థలకిచ్చే వాల్యూమ్ లైసెన్స్ వేరే.

పదీ ఇరవై డాలర్లకు దొరికే ‘కీ’లను నమ్మొద్దు. అవి పనిచేసినంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. అసలు ముందు యంత్రాన్ని పరీక్షించండి: టీపీఎం 2.0 (భద్రతా చిప్) వంటి అర్హతలుంటే, అసలైన విండోస్ 10 నుంచి 11కు మారడం ఉచితమే.