గొంతు రిఫ్లక్స్‌కు మాత్రలు, సూదులు: అపోహలు – వాస్తవాలు

జీర్ణాశయంలోని ఆమ్లం, పెప్సిన్ అనే జీర్ణ ఎంజైముతో కలిసి, అన్నవాహికను దాటి స్వరపేటిక దాకా ఎగదన్నుకొని రావడాన్ని వైద్యులు లారింగోఫారింజియల్ రిఫ్లక్స్ అంటారు. దానినే గొంతు రిఫ్లక్స్ అనవచ్చు. గుండెల్లో మంట లేనివారికి ఇది రాదన్నది మొదటి అపోహ. అన్నవాహిక లోపలి పొర కొంత ఆమ్లాన్ని తట్టుకోగలదు గానీ స్వరపేటికకు అంతటి రక్షణ లేదు కనుక, మంట పుట్టించలేనంత కొద్దిపాటి ద్రవం సైతం గొంతు బొంగురుపోవడానికి, గొంతులో ఏదో అడ్డుపడినట్టు తోచడానికి చాలుతుంది.

అలాగని ప్రతి గొంతు గరగరనూ రిఫ్లక్స్ ఖాతాలో వేయరాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీకి వచ్చే దగ్గు, ఘాటు ఊపిరితో లోపలికి పోవడం వల్ల కలిగేదైతే, దానికి ఆమ్లం తగ్గించే మాత్రతో పని లేదు.

మాత్ర వేసుకుంటే ఎగదన్నడం ఆగుతుందన్న నమ్మకం మరింత బలమైనది. పాంటోప్రజోల్ వంటి మందులు ఆమ్లం తయారీని తగ్గిస్తాయే తప్ప, పైకి వచ్చే ద్రవాన్ని గానీ అందులోని పెప్సిన్‌ను గానీ నేరుగా అడ్డుకోవు. పైగా వాటిని భోజనానికి అరగంట ముందు వేసుకోకపోతే ఆ మేలు కూడా తగ్గుతుంది. మానని గొంతు బాధలున్న 346 మందితో బ్రిటన్‌లో జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో, 16 వారాలు రోజుకు రెండుసార్లు ఇచ్చిన లాన్సోప్రజోల్ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలలేదు. మందుకు తోడు వెదకవలసిన అవసరం ఇక్కడే పుట్టింది.

ఆ తోడుగా చెప్పేవాటిలో ఆక్యుపంక్చర్ బిందువుల ప్రేరణ ఒకటి. మణికట్టు ముడతకు మూడు వేళ్ల పైన, రెండు స్నాయువుల నడుమ ఉన్న నైగ్వాన్, మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద ఉన్న జూసాన్‌లీ వంటి చోట్ల సూదితో గానీ స్వల్ప విద్యుత్తుతో గానీ ప్రేరేపిస్తే, నాడుల ద్వారా జీర్ణాశయ కదలిక చక్కబడుతుందని పరిశోధకుల ఊహ. 2007లో ప్రకటించిన ఒక పరీక్షలో, ఆమ్లం తగ్గించే మందు రోజుకు ఒక మోతాదుకు లొంగని గుండె మంట ఉన్న 30 మందిలో కొందరికి మోతాదు రెట్టింపు చేసి, మిగిలినవారికి పాత మోతాదుకే సూదులు జోడించగా, రెండో వర్గానికే ఊరట కలిగింది. అయితే అది చిన్న పరీక్ష. పైగా చూసింది గుండె మంటను, గొంతును కాదు. గొంతు బాధను కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక, 0 నుంచి 45 దాకా, రోగి చెప్పుకునే మాటపైనే నడుస్తుంది కాబట్టి, సూది పడిందన్న నమ్మకమే మార్కులు తగ్గించవచ్చు. కనుక సూదులు మాత్రకు బదులనడం ఎంత తొందరపాటో, ఒట్టి మూఢనమ్మకమనడమూ అంతే తొందరపాటు.

ఈ ఆక్యుపంక్చర్ బిందువులు ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు సుశ్రుతుడు చెప్పిన మర్మస్థానాలే అనడమూ సరికాదు. ఆయన లెక్కించిన 107 మర్మాలు ప్రధానంగా గాయపడకుండా కాపాడుకోవలసిన చోట్లు.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు విద్యుత్ ప్రేరణ జోలికి పోరాదు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు సూదులకు ముందు వైద్యుణ్ని అడగాలి. మూడు వారాలు దాటిన బొంగురు గొంతు, మింగడంలో కష్టం, కారణం తెలియని బరువు తగ్గుదల ఉంటే, ముఖ్యంగా గుట్కా, బీడీ అలవాటున్నవారు, ఏ బిందువునూ నొక్కకముందే వరంగల్ ఎంజీఎం వంటి ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగంలో స్వరపేటికను పరీక్ష చేయించుకోవాలి.