నాలుగు గళ్ళ లెక్క: బఠాణీ గింజ నుంచి సికిల్ సెల్ దాకా



పదో తరగతిలో "అనువంశికత" పాఠం రాగానే పిల్లలు నాలుగు గళ్ళ పట్టిక గీస్తారు. అది మార్కుల కోసమేనని చాలామంది అనుకుంటారు. కానీ సికిల్ సెల్ జబ్బు కనిపించే దక్షిణ ఒడిశాలో ఉంటూ, మేనరికాలు చేసుకునే అలవాటున్న మన కుటుంబాలకి ఈ పట్టిక నిజంగా అవసరం. ఇంట్లో పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చుని చదవండి. కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకోండి.

మెండెల్ ఏం కనిపెట్టాడు?

గ్రెగర్ మెండెల్ ఇప్పటి చెక్ దేశంలోని బ్రునో పట్టణంలో మఠవాసి. మఠం తోటలో బఠాణీ మొక్కల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. పసుపు గింజల రకాన్ని ఆకుపచ్చ గింజల రకంతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ పసుపు గింజలే వచ్చాయి. మరి ఆకుపచ్చ పోయినట్టేనా? పోలేదు. ఆ మొదటి తరం మొక్కల్లో స్వపరాగసంపర్కం జరిగితే రెండో తరంలో 6,022 పసుపు గింజలు, 2,001 ఆకుపచ్చ గింజలు వచ్చాయి. అంటే ఇంచుమించు 3:1.

దీన్నిబట్టి తెలిసిందేమిటంటే, ప్రతి లక్షణానికీ రెండు కారకాలు ఉంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. పైకి కనిపించేది బహిర్గతం, దాగి ఉండేది అంతర్గతం. దాగినది పోయినట్టు కాదు, తర్వాతి తరంలో బయటపడవచ్చు. 1866లో అచ్చయిన ఈ పరిశోధనను 1900 దాకా లోకం పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికి మెండెల్ చనిపోయి 16 ఏళ్ళు.

ఇదే లెక్క మన రక్తంలో

రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ తయారీకి ఒక జన్యువు ఉంది. అందులో ఒక చిన్న మార్పు వస్తే, గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలిలా వంగిపోతాయి. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని భరించలేని నొప్పి తెస్తాయి. రక్తహీనత కూడా వస్తుంది. మన దేశంలో ఈ లక్షణాన్ని మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు.

మామూలు కారకాన్ని "మ" అని, కొడవలి కారకాన్ని "క" అని రాసుకుందాం.

మమ – జబ్బు లేదు.
మక – వాహకులు. సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పరీక్ష చేస్తే తప్ప తెలియదు.
కక – జబ్బు ఉన్నవాళ్ళు.

ఇప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరూ "మక" అనుకోండి. తండ్రివి పైన, తల్లివి పక్కన రాసి నాలుగు గళ్ళు నింపండి. ఒక గడిలో మమ, రెండింట్లో మక, ఒకదాంట్లో కక వస్తాయి. అంటే బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, వాహకులయ్యే అవకాశం సగం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "పెద్దవాడికి వచ్చేసింది, ఇక మిగతా ముగ్గురికీ రాదు" అంటారు. అలా కాదు. నాణెం ఎగరేసిన ప్రతిసారీ బొమ్మా బొరుసూ కొత్తగానే తేలతాయి. అలాగే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు లెక్క మళ్ళీ మొదటి నుంచే.

ఇంకో మాట. "కక" బిడ్డకి ఒక "క" తల్లిది, ఒక "క" తండ్రిది. కాబట్టి కోడల్ని ఒక్కదాన్నే నిందించడం లెక్క ప్రకారం కూడా తప్పే. అసలు ఇది ఎవరి తప్పూ కాదు.

మేనరికం సంగతేమిటి?

తాతగారు "మక", మామ్మగారు "మమ", బయటి నుంచి వచ్చిన కోడలూ అల్లుడూ "మమ" అనుకుందాం. తాతగారి కొడుక్కి "క" వచ్చే అవకాశం 1/2, కూతురికీ 1/2. మనవలకి 1/4 చొప్పున. కొడుకు కూతురికీ కూతురి కొడుక్కీ పెళ్ళి చేస్తే, ఇద్దరూ వాహకులయ్యే అవకాశం 1/4 × 1/4 = 1/16. వాళ్ళ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం అందులో నాలుగో వంతు, అంటే 1/64.

అదే మేనమామకి మేనకోడల్నిస్తే? 1/2 × 1/4 = 1/8. అందులో నాలుగో వంతు 1/32. రెండింతలైంది. ఆ మనవరాలే "మమ" ఉన్న బయటి అబ్బాయిని చేసుకుంటే బిడ్డకి ఈ జబ్బు రాదు.

అలాగని బయటి సంబంధం అయితే చాలు, భయం లేదని కాదు. అవతలివాళ్ళూ వాహకులు కావచ్చు. అందుకే సంబంధం దగ్గరిదైనా దూరందైనా రక్తపరీక్షే దారి.

మనం చెయ్యాల్సింది

సికిల్ సెల్ నిర్మూలనకి జాతీయ కార్యక్రమం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. ఒడిశా కూడా అందులో ఉంది. 40 ఏళ్ళ లోపువాళ్ళకి పరీక్షలు చెయ్యడం దాని ఉద్దేశం. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. జాతకాలు చూపించే ముందే ఈ పరీక్ష చేయిస్తే మంచిది. ఇద్దరూ వాహకులని తేలితే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు.

జబ్బు ఉన్న పిల్లలుంటే తరగతి టీచరుకి విడిగా చెప్పండి. వాళ్ళు తరచుగా నీళ్ళు తాగాలి, ఎండలో అతిగా అలిసిపోకూడదు, చలికి తడవకూడదు. జ్వరం గానీ తీవ్రమైన నొప్పి గానీ వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే, కలిసి తింటే రాదు. విద్యార్థులూ, ఎవరినీ "నీకుందా?" అని అందరి ముందూ అడగొద్దు.

ఇంట్లో చేసి చూడండి

1. తండ్రి మక, తల్లి మమ. పిల్లల్లో జబ్బు ఉంటుందా?
2. తండ్రి కక, తల్లి మమ. పిల్లలు ఎలా ఉంటారు?
3. తండ్రి కక, తల్లి మక. జబ్బు అవకాశం ఎంత?

జవాబులు: 1. ఉండదు, వాహకులయ్యే అవకాశం సగం. 2. అందరూ వాహకులే, జబ్బు ఎవరికీ ఉండదు. 3. సగం.