పగకు ఆధారాలు వెదికిన సైనికుడు

1941 డిసెంబరు 7, ఆదివారం ఉదయం. హవాయి దీవుల్లోని పెరల్ హార్బర్ మీదికి జపాను యుద్ధ విమానాలు దూసుకొచ్చాయి. వాటి దళనాయకుడు మిత్సువో ఫుచీదా. శత్రువు ఏమరుపాటుగా ఉన్నాడని తెలిపే ‘తోరా తోరా తోరా’ సంకేతం ఆయన విమానం నుంచే వెళ్లింది. ఆ ఒక్కరోజే 2,400 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. జపానులో ఫుచీదా వీరుడయ్యాడు.

నాలుగేళ్లు తిరక్కుండానే జపాను ఓడిపోయింది, సైన్యం రద్దయింది. నలభై దాటిన ఫుచీదా పుట్టిన నారా ప్రాంతానికి వెళ్లి సేద్యంలోకి దిగాడు. ఓడిన సైనికుణ్ని ఎవరు లెక్కచేస్తారు? పైగా యుద్ధ నేరాల విచారణకు టోక్యో నుంచి పిలుపులు. ఇదంతా గెలిచినవాడి న్యాయమని ఆయన మండిపడేవాడు. అమెరికన్లు కూడా తమ ఖైదీలను హింసించే ఉంటారు, ఆ సాక్ష్యాలు పోగుచేయాలనుకుని, విడుదలై వస్తున్న జపాను సైనికులను వాకబు చేశాడు.

కానీ ఆయన విన్నది వేరు. ఒక అమెరికన్ యువతి గాయపడ్డ జపాను ఖైదీలకు ఎంతో ప్రేమగా సేవ చేసిందట. ఆమె తల్లిదండ్రులు మిషనరీలు. ఫిలిప్పీన్స్‌లో వారిని చంపింది జపాను సైనికులే! ఫుచీదాకు ఇది మింగుడుపడలేదు. కన్నవారిని చంపినవాడి మీద పగ తీర్చుకోవడమే బిడ్డల ధర్మమని నమ్మిన మనిషి మరి.

1948లో టోక్యోలోని షిబుయా స్టేషన్ దగ్గర ఆయన చేతికి ఒక కరపత్రం అందింది. అది జేకబ్ డిషేజర్ అనే అమెరికన్ సైనికుడి సాక్ష్యం. పెరల్ హార్బర్ వార్త విన్నప్పుడు డిషేజర్ సైనిక వంటశాలలో బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాడు. కోపంతో రగిలిపోయి, 1942 ఏప్రిల్ 18న జపాను మీద బాంబులు వేసిన దళంలో చేరాడు. ఇంధనం అయిపోయి చైనాలో దిగి పట్టుబడ్డాడు. 40 నెలల ఖైదు, అందులో 34 నెలలు ఏకాంతం. 1944లో మూడు వారాల కోసం చేతికిచ్చిన బైబిలు చదివి ప్రభువును నమ్ముకున్నాడు. తనను కొట్టే కావలివాడినే మర్యాదగా పలకరించడం మొదలుపెట్టాడు.

ఫుచీదా బైబిలు కొనుక్కున్నాడు. లూకా సువార్త 23వ అధ్యాయంలో, తనను సిలువ వేసేవారిని క్షమించమని యేసు తండ్రిని వేడుకున్న చోట ఆయన ఆగిపోయాడు. ఆ యువతి చేసిన సేవకు మూలం ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. చాలామంది ప్రసంగీకులు ఆయన్ను దమస్కు దారిలోని పౌలుతో పోలుస్తారు. నాకలా అనిపించదు. పౌలును వెలుగు ఒక్కసారిగా పడగొట్టింది. ఫుచీదాను దేవుడు ఒక మాట, ఒక కాగితం, ఒక పేజీ అంటూ ఏళ్ల తరబడి నడిపించాడు.

1950లో ఫుచీదా, డిషేజర్ కలుసుకున్నారు. ఆ తర్వాత ఫుచీదా సువార్తికుడై జపానులోనూ, అమెరికాలోనూ తన గతాన్ని దాచకుండా సాక్ష్యం చెప్పాడు. ఆయన చెప్పిన కొన్ని యుద్ధ విశేషాలను చరిత్రకారులు తప్పుపట్టారు. అది నిజమే. అయితే ఒకప్పుడు తాను బాంబులు వేయించిన దేశంలోనే నిలబడి క్షమాపణ గురించి మాట్లాడడం తేలికైన పని కాదు. 1976లో చనిపోయేదాకా ఆయన ఆ పిలుపును వదల్లేదు.

డిషేజర్ 1948 డిసెంబరులో భార్యతో కలిసి మిషనరీగా జపానుకు వచ్చాడు. దాదాపు 30 ఏళ్లు అక్కడే సేవచేసి, 2008లో 95వ ఏట అమెరికాలో కన్నుమూశాడు. 1959లో ఆయన నగోయా నగరంలో ఒక సంఘాన్ని స్థాపించాడు. 1942లో ఆయన విమానం బాంబులు వేసింది ఆ ఊరి మీదే.